మర ఎక్కితే చాలదు, మూతి కలవాల



ఈసారి సైన్సు శీర్షికకు నేను జేసీబీ, ప్రొక్లైన్ లాంటి యంత్రాలకు ఉండే హైడ్రాలిక్ హోసు పైపుల గురించి రాస్తున్నాను. ఒక యంత్రం పైపు ఇంకో యంత్రానికి ఎందుకు కుదరదు, కుదరనప్పుడు ఎట్ల కుదర్చాల, ఎట్ల కుదర్చగూడదు అనేదే ఈ వ్యాసం. "ఆడపిల్లవు, నీకెందుకు జేసీబీ సంగతి?" అని కొందరు నవ్వినారు. మన తండాల నుంచి, మన కాలనీల నుంచి ఎంతమంది అన్నలు, మామలు జేసీబీకి హెల్పర్లుగా పోతున్నారో లెక్క పెట్టండి. పానా పట్టుకుని పైపు విప్పేది వాళ్ళే. పైపు మీద ఇంగ్లీషులో రాసి ఉన్నది చదవలేనిదీ వాళ్ళే. మనం చదువుకుంటున్నాం గదా, చదివి చెప్తే తప్పేముంది? అందుకే రాస్తున్నాను.

1. ముందు యంత్రం సంగతి

మన మైదుకూరు నాలుగు రోడ్ల కూడలి. కర్నూలు నుంచి కడపకు పోయే రోడ్డు, బద్వేలు నుంచి ప్రొద్దుటూరుకు పోయే రోడ్డు ఇక్కడే కలుస్తాయి. ఏ రోడ్డున నిలబడినా గంటలో ఒక జేసీబీ అయినా కనపడుతుంది. మన పొలాలకు నీళ్ళిచ్చే కేసీ కాలువను 1860లలో తవ్వినారు. అప్పుడు ఇట్లాంటి యంత్రాలు లేవు. గడ్డపార, పార, తట్ట, మనిషి వీపు, అంతే. ఇప్పుడు అదే కాలువలో పూడిక తీయాలంటే ప్రొక్లైన్ దిగుతుంది.

జేసీబీ అనేది యంత్రం పేరు కాదు, మనిషి పేరు. జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ అనే ఆయన 1945లో ఇంగ్లండులో ఆ కంపెనీ పెట్టినాడు. ఆయన పేరులోని మొదటి అక్షరాలే జేసీబీ. మన దేశంలో 1979 నుంచి ఢిల్లీ దగ్గర బల్లభ్‌గఢ్‌లో ఆ యంత్రాలు తయారవుతున్నాయి. ప్రొక్లైన్ అనే మాట పొక్లెయిన్ అనే ఫ్రాన్సు కంపెనీ పేరు నుంచి వచ్చింది. మనవాళ్ళు జపాన్ పద్ధతి యంత్రాన్ని కూడా ప్రొక్లైన్ అనే అంటారు. పేరు ఒక దేశానిది, యంత్రం ఇంకో దేశానిది. మన కథలో చిక్కు ఇక్కడ నుంచే మొదలవుతుంది.

2. నూనె బరువు ఎట్ల ఎత్తుతుంది?

పాస్కల్ నియమం మనం చదువుకున్నాం. మూసి ఉన్న ద్రవం మీద ఒక చోట పీడనం కలిగిస్తే అది అన్ని వైపులకూ సమానంగా పోతుంది. బ్లెయిజ్ పాస్కల్ 1623 నుంచి 1662 వరకు బతికిన ఫ్రాన్సు శాస్త్రవేత్త. ఆ నియమాన్ని పనిలో పెట్టి 1795లో జోసెఫ్ బ్రామా ఇంగ్లండులో హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు తీసుకున్నాడు.

జేసీబీలో ఇంజను ఒక పంపును తిప్పుతుంది. పంపు నూనెను తోస్తుంది. డ్రైవరు లివరు కదిపితే నూనె హోసు పైపులో నుంచి సిలిండరులోకి పోయి పిస్టన్‌ను నెడుతుంది. అప్పుడు చెయ్యి లేస్తుంది, బకెట్టు తిరుగుతుంది.

ఒక లెక్క చేద్దాం. పీడనం 200 బార్లు అనుకోండి. ఒక బారు అంటే దాదాపు ఒక చదరపు సెంటీమీటరు మీద ఒక కిలో బరువు. పిస్టన్ అడ్డకొలత 10 సెంటీమీటర్లు అయితే దాని వైశాల్యం సుమారు 78.5 చదరపు సెంటీమీటర్లు. దాన్ని 200తో గుణిస్తే 15,700 కిలోలు. అంటే పదిహేను టన్నుల పైమాట! లారీ టైరులో గాలి 8 బార్ల దగ్గర ఉంటుంది. పెద్ద ప్రొక్లైన్లలో నూనె పీడనం 300 బార్లు కూడా దాటుతుంది.

ఇప్పుడు పైపు వైపు నుంచి చూడండి. అర అంగుళం హోసు లోపలి రంధ్రం వైశాల్యం సుమారు 1.27 చదరపు సెంటీమీటర్లు. 200 బార్ల దగ్గర ఆ పైపును జాయింటు నుంచి ఊడదీయడానికి 250 కిలోలకు పైగా తోపు ఉంటుంది. మన స్టోరు రూములోని 50 కిలోల బియ్యం మూటలు అయిదు ఒకదాని మీద ఒకటి పెడితే ఎంత బరువో అంత. ఆ తోపును ఆపేది బొటనవేలంత లావు ఉండే ఒక నట్టు.

3. పట్టుకునేది మర, ఆపేది మూతి

ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇదే. జాగ్రత్తగా చదవండి.

హోసు చివర ఇనుప ఫిట్టింగు ఉంటుంది. దానికి రెండు పనులు. ఒకటి, ఊడిపోకుండా పట్టుకోవాల. రెండు, నూనె కారకుండా ఆపాల. పట్టుకునే పని మరది, అంటే నట్టు లోపల ఉండే చుట్లది. ఆపే పని మూతిది. మూతి అంటే లోపల కోసుగా గానీ, గుంటగా గానీ, చదునుగా గానీ ఉండే భాగం. రెండు మూతులు ఒకదాన్లో ఒకటి సరిగ్గా కూర్చుంటేనే నూనె ఆగుతుంది.

మన వంటగదిలో ప్రెషర్ కుక్కరు చూడండి. మూత తిప్పి లాకు వేస్తే మూత ఎగరదు. అయితే లోపల రబ్బరు లేకుంటే ఆవిరి బుస్సుమని పక్క నుంచి పోతుంది. లాకు మర లాంటిది, రబ్బరు మూతి లాంటిది. ఎంత గట్టిగా లాకు వేసినా రబ్బరు పని అది చేయదు.

ఇంకో ఉదాహరణ. మన డార్మెటరీలో ఒకరి నీళ్ళ సీసా మూత ఇంకొకరి సీసాకు పెట్టి చూడండి. కొన్ని అసలు ఎక్కవు. కొన్ని ఒకటిన్నర చుట్టు ఎక్కి బిగుసుకుంటాయి. కొన్ని పూర్తిగా ఎక్కుతాయి, సీసా పడుకోబెడితే మాత్రం పరుపు తడుస్తుంది. హోసుల్లో కూడా ఈ మూడు రకాలూ ఉన్నాయి. మూడో రకం అన్నిటికంటే మోసం. ఎక్కింది గదా, కుదిరింది అనుకుంటాం.

4. ఇన్ని రకాలు ఎందుకు వచ్చినాయి?

పూర్వం ప్రతి కంపెనీ తన బోల్టుకు తన ఇష్టం వచ్చినట్టు మర కోసుకునేది. 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజనీరు "అందరం ఒకే మర కోద్దాం" అని ఒక కొలత పెట్టినాడు. ఆయన మరలో చుట్టుకూ చుట్టుకూ మధ్య కోణం 55 డిగ్రీలు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ ఇంకో కొలత పెట్టినాడు. ఆయనది 60 డిగ్రీలు. ఐరోపావాళ్ళు మిల్లీమీటర్లలో కోసుకున్నారు, దాని కోణం కూడా 60. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండు, అమెరికా ఒకే పక్షం. అయినా ఒకరి బోల్టు ఇంకొకరి నట్టుకు ఎక్కక తిప్పలు పడినారు. 1948లో అమెరికా, ఇంగ్లండు, కెనడా కలిసి ఒకే మరకు ఒప్పందం చేసుకున్నాయి. అయినా పాత మరలు పోలేదు. పైపు మరలు అసలు మారలేదు.

అందువలన నేడు మన రోడ్ల మీద తిరిగే యంత్రాలలో ముఖ్యంగా ఈ రకాలు ఉంటాయి:

అ) బీఎస్పీ - ఇంగ్లండు పైపు మర. కోణం 55. మన స్నానాల గది కుళాయి మర కూడా ఈ కుటుంబమే.
ఆ) జేఐసీ - అమెరికా రకం. విమానాల పైపుల నుంచి వచ్చింది. మూతి కోసు ఒక పక్కకు 37 డిగ్రీలు.
ఇ) ఓఆర్ఎఫ్ఎస్ - మూతి చదునుగా ఉండి, గాడిలో రబ్బరు ఓ-రింగు ఉంటుంది. కొత్త యంత్రాలలో ఎక్కువ.
ఈ) డిన్ - జర్మనీ రకం. మిల్లీమీటరు మర, మూతి కోసు మొత్తం 24 డిగ్రీలు.
ఉ) జిస్ - జపాన్ రకం. మర బీఎస్పీదే, మూతి మాత్రం వేరు. కోసు ఒక పక్కకు 30 డిగ్రీలు. కొమాట్సు వాళ్ళది మూతి ఇదే మాదిరి, మర మిల్లీమీటరుది.

ఒకే యంత్రం మీద రెండు మూడు రకాలు ఉండొచ్చు. పాత యంత్రం చేతులు మారే కొద్దీ ఎవరికి దొరికింది వాళ్ళు బిగించి ఉంటారు. కనుక "ఇది జేసీబీ, ఇది బీఎస్పీయే" అని కళ్ళు మూసుకుని చెప్పరాదు.

5. ఒకే అర అంగుళం, నాలుగు కొలతలు

దుకాణంలో "అర అంగుళం హోసు ఇవ్వు" అంటే సగం మాటే చెప్పినట్టు. అర అంగుళం అనేది పైపు లోపలి రంధ్రం. మర కొలత అది కాదు. అదే అర అంగుళం హోసుకు వచ్చే మగ మర బయటి కొలతలు చూడండి:

జేఐసీ: సుమారు 19 మిల్లీమీటర్లు, అంగుళానికి 16 చుట్లు.
ఓఆర్ఎఫ్ఎస్: సుమారు 20.6 మిల్లీమీటర్లు, అంగుళానికి 16 చుట్లు.
బీఎస్పీ: సుమారు 21 మిల్లీమీటర్లు, అంగుళానికి 14 చుట్లు.
డిన్: 22 మిల్లీమీటర్లు, చుట్టుకూ చుట్టుకూ 1.5 మిల్లీమీటర్లు. ఎక్కువ పీడనం రకం అయితే 24 మిల్లీమీటర్లు.

20.6కూ 21కీ తేడా కంటికి కనపడుతుందా? కనపడదు. అందుకే కొలవాల. మన ల్యాబులో ఉన్న వెర్నియర్ కాలిపర్సు పరీక్షకు మాత్రమే అనుకుంటాం గదా, దాని అసలు పని ఇట్లాంటి చోటే.

ఇంకొక వింత. బీఎస్పీలో అర అంగుళం మర 21 మిల్లీమీటర్లు ఎందుకు ఉంది? అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లే గదా! పాతకాలం ఇనుప పైపు లోపలి రంధ్రం అర అంగుళం ఉండేది, పైపు మందం కలుపుకుంటే బయట 21 అయ్యేది. మర కోసేది బయట. పేరు మాత్రం లోపలిది నిలిచిపోయింది.

ఇంకొకటి, అమెరికా నీళ్ళ పైపు మర ఎన్‌పీటీ అని ఉంటుంది. అర అంగుళంలో దానికీ అంగుళానికి 14 చుట్లే, బీఎస్పీకీ 14 చుట్లే. కాబట్టి ఒకదాన్లో ఒకటి ఎక్కుతుంది. కోణం మాత్రం 60, 55. చుట్ల మధ్య సందు మిగులుతుంది. నూనెకు ఆ సందు చాలు.

6. మా అన్న చూసిన సంగతి

మా అన్న ఒక ప్రొక్లైన్ మీద హెల్పరు. మైదుకూరు దగ్గర ఒక చేనులో నీటి గుంట తవ్వుతుంటే బకెట్టు సిలిండరుకు పోయే హోసు పగిలింది. యంత్రానికి గంట లెక్కన బాడుగ. ఆగితే అందరికీ నష్టం. కొత్త హోసు తెచ్చేదాకా ఆగలేక, పక్కన ఉన్న ఇంకో యంత్రం హోసు తెచ్చి బిగించినారు. నట్టు చేత్తోనే సాఫీగా ఎక్కింది. అందరూ సంతోషపడినారు. ఇంజను వేసి లివరు లాగితే నట్టు చుట్టూ నూనె చిమ్మింది. ఇంకా బిగించినారు. ఇంకా చిమ్మింది. తెల్ల టేపు చుట్టి, పానాకు పైపు తొడిగి ఇద్దరు కలిసి బిగించినారు. అయినా ఆగలేదు.

సాయంత్రం ఒక పెద్దాయన, నలభై ఏండ్లుగా మెకానిక్ పని చేస్తున్నాయన, వచ్చి విప్పించి గుడ్డతో తుడిచి రెండు మూతులూ చూపించినాడంట. యంత్రం వైపు ఉన్నది జిస్ రకం, దాని మూతి బయటికి కోసుగా ఉబ్బి ఉంది. హోసు వైపు బీఎస్పీ, దాని మూతి కూడా బయటికి కోసుగానే ఉంది. మర ఒకటే కాబట్టి నట్టు ఎక్కింది. లోపల మాత్రం రెండు ముక్కులు ఒకదానికొకటి తగిలి నిలబడినాయి. "రెండు గొర్రెపొట్టేళ్ళు ఢీకొన్నట్టు ఉంటే యాడ కుదురుతాది రా అబ్బీ? ఒకటి గుంటగా, ఒకటి కోసుగా ఉండాల" అన్నాడంట. అతిగా బిగించినందుకు యంత్రం వైపు మూతి నలిగిపోయింది. దాన్ని కూడా మార్చాల్సి వచ్చింది. ఒక్క పైపుతో పోయేది రెండు ఖర్చులు అయింది.

తర్వాత ఆయన ఒక అడాప్టరు తెప్పించినాడు. దానికి ఒక వైపు జిస్ ఆడ మూతి, ఇంకో వైపు గుంట ఉన్న బీఎస్పీ మగ మూతి. మధ్యలో అది పెట్టి, రెండు పానాలతో మామూలుగా బిగిస్తే చుక్క కూడా కారలేదు. అడాప్టరు అంటే ఇంతే. రెండు భాషలు తెలిసిన మనిషి మధ్యలో నిలబడి ఇటు మాట అటు చెప్పినట్టు. మా అవ్వ ఆసుపత్రికి పోయినప్పుడు డాక్టరు గారి మాట మా సుగాలి భాషలో నేను చెప్తాను గదా, అట్ల.

7. రకం కనుక్కునే పద్ధతి

(1) ముందు గుడ్డతో శుభ్రంగా తుడవాల. మన్ను ఉంటే కొలత తప్పుతుంది.
(2) మగ మర అయితే బయటి కొలత, ఆడ మర అయితే లోపలి కొలత వెర్నియర్‌తో తీయాల. పాత మర కొంచెం అరిగి ఉంటుంది కాబట్టి పట్టికలో కంటే కాస్త తక్కువ రావచ్చు.
(3) మొదటి చుట్టు దగ్గర, చివరి చుట్టు దగ్గర రెండు చోట్లా కొలవాల. రెండూ ఒకటే అయితే తిన్నని మర. తేడా ఉంటే చివర సన్నబడే మర.
(4) చుట్లు లెక్కపెట్టాల. దువ్వెన లాంటి థ్రెడ్ గేజి ఉంటే దాని పళ్ళు చుట్లలో సందు లేకుండా కూర్చోవాల. గేజి లేకుంటే పది చుట్ల పొడవు కొలిచి పదితో భాగించాల. అర అంగుళం బీఎస్పీకి పది చుట్లు 18 మిల్లీమీటర్లు దాటుతాయి. 1.5 మిల్లీమీటరు మరకు సరిగ్గా 15 వస్తాయి. మర పొట్టిగా ఉంటే అయిదు చుట్లు కొలిచి అయిదుతో భాగించండి.
(5) మూతి చూడాల. కోసా, గుంటా, చదునా? ఓ-రింగు గాడి ఉందా? కోసు అయితే దాని కోణం ఎంత? ఇక్కడ ఒక మోసం ఉంది. జేఐసీ 37 అనేది ఒక పక్క కోణం, డిన్ 24 అనేది మొత్తం కోణం. బీఎస్పీ 60 కూడా మొత్తమే. జిస్ 30 ఒక పక్కది. అంకె ఒక్కటే చూసి పోల్చరాదు.
(6) చివరగా రకం తెలిసిన కొత్త ముక్కతో చేత్తో తిప్పి చూడాల. మూడు నాలుగు చుట్లు పానా లేకుండా సాఫీగా పోవాల. చేత్తో పోనిది పానాతో పోయిందంటే అది కుదరడం కాదు, మర చెడిపోవడం.

8. అడాప్టరు వేసేటప్పుడు

అడాప్టరు బలం ఆ లైనులో ఉండే పీడనానికి తక్కువ ఉండగూడదు. దాని రంధ్రం హోసు కంటే సన్నగా ఉండగూడదు. సన్నగా ఉంటే నూనె వేడెక్కుతుంది, యంత్రం మెల్లగా పని చేస్తుంది. ఒక అడాప్టరుకు ఇంకో అడాప్టరు, దానికి ఇంకోటి అని గొలుసు కట్టరాదు. ప్రతి జాయింటూ కారడానికి ఒక కొత్త చోటే. బిగించేటప్పుడు ఒక పానాతో అడాప్టరును పట్టుకుని ఇంకో పానాతో నట్టు తిప్పాల. లేకుంటే హోసు మెలి తిరుగుతుంది. హోసు మీద పొడుగునా రాత ఉంటుంది గదా, అది తిన్నగా ఉంటే పైపు తిన్నగా ఉన్నట్టు. రాత చెట్టుకు తీగ చుట్టుకున్నట్టు తిరిగితే పైపు మెలి పడినట్టు, అది తొందరగా పగులుతుంది.

విప్పిన మూతులు తెరిచి పెట్టరాదు. మన రాయలసీమ దుమ్ము సంగతి తెలిసిందే. ఇసుక రేణువు లోపలికి పోతే పంపు, వాల్వులు గీసుకుపోతాయి. మూత గానీ శుభ్రమైన ప్లాస్టిక్ కవరు గానీ కట్టాల.

హోసు కూడా ఒకటే రకం కాదు. పైన ఎస్ఏఈ 100ఆర్1 అని ఉంటే లోపల ఒక వరస ఇనుప తీగ అల్లిక. 100ఆర్2 అని ఉంటే రెండు వరసలు. అర అంగుళంలో మొదటిది 2000 పీఎస్ఐ వరకు, రెండోది 3500 పీఎస్ఐ వరకు పని చేయడానికి చేసినది. 3500 పీఎస్ఐ అంటే సుమారు 240 బార్లు. రెండూ నల్లగా, ఒకేలా కనపడతాయి. చదివితేనే తేడా తెలుస్తుంది. మన అన్నలకు ఈ నాలుగు అక్షరాలు నేర్పించినా చాలు.

9. చేయగూడని పనులు

తెల్ల టేపు చుట్టడం: కోసు మూతి, ఓ-రింగు మూతి ఉన్నచోట ఆపేది మర కాదు కాబట్టి టేపు పనికి రాదు. దాని పోగులు తెగి లోపలికి పోయి వాల్వులో చిక్కుకుంటాయి.

సైకిలు ట్యూబు కోసి వాషరుగా పెట్టడం: మామూలు రబ్బరు నూనెలో ఉబ్బి మెత్తబడిపోతుంది. నూనెకు తట్టుకునే నైట్రైల్ రబ్బరు ఓ-రింగు వేరే ఉంటుంది.

నీళ్ళ పైపు ఎల్బో, సాకెట్టు వాడటం: కుళాయి మర, బీఎస్పీ మర ఒకే కుటుంబం కాబట్టి కొందరు ఇట్ల చేస్తారు. మర కలిసినా బలం కలవదు. అవి నీళ్ళ కోసం చేసినవి. వందల బార్లకు పగిలి ముక్కలు ఎగురుతాయి.

వెల్డింగు చేసి రెండు ఫిట్టింగులు అతకడం: అతుకు యాడ పగులుతుందో ఎవరికీ తెలియదు. నూనె ఉన్న పైపు దగ్గర నిప్పు కూడా ప్రమాదమే.

కారుతుంటే ఇంకా ఇంకా బిగించడం: సరైన మూతి అయితే కొంచెం బిగిస్తేనే ఆగుతుంది. ఆగలేదంటే లోపల ఏదో తప్పు ఉంది. విప్పి చూడాల.

10. చెయ్యి పెట్టవద్దు

ఇది అన్నిటికంటే ముఖ్యం. అందరికీ కనపడాలని ఎర్ర సిరాతో రాసినాను.

హోసుకు సూదిమొనంత చిల్లు పడితే అందులోంచి వచ్చే నూనె కంటికి కనపడకపోవచ్చు. ఎక్కడ కారుతోందో అని చేత్తో తడిమితే ఆ నూనె ఇంజక్షను మాదిరి చర్మం లోపలికి దూరుతుంది. బయట చిన్న చుక్కంత గాయమే ఉంటుంది. నొప్పి కూడా మొదట ఎక్కువ ఉండదు. లోపల మాత్రం నూనె వేలి నరాల వెంబడి, కండరాల మధ్య పాకి చెయ్యి వాచిపోతుంది. గంటలలోనే ఆపరేషను చేసి కడగాల. ఆలస్యమైతే వేలు, ఒక్కోసారి చెయ్యి తీసేయాల్సి వస్తుంది.

మాకు వరసకు మామ అయ్యే ఒకాయనకు ఇట్లే అయింది. చూపుడు వేలికి చీమ కుట్టినంత చుక్క. పసుపు పెట్టుకుని రాత్రంతా పడుకున్నాడు. తెల్లారేసరికి చెయ్యి మోచేతిదాకా వాచింది. ఆసుపత్రిలో ఆపరేషను చేసి చెయ్యి నిలబెట్టినారు. ఆ వేలు మాత్రం ఇప్పటికీ వంగదు. అన్నం ముద్ద కలుపుకోవడానికి ఎడమ చెయ్యి వాడతాడు. ఎవరైనా చూస్తే సిగ్గుపడి తువ్వాలు కప్పుకుంటాడు.

కనుక ఇవి ఇంటికి పోయినప్పుడు మీ అన్నలకు, నాయనలకు చెప్పండి:

* కారే చోటు చేత్తో వెతకరాదు. అట్టముక్క గానీ చెక్క గానీ దూరంగా పట్టుకుని ఆడిస్తే నూనె దాని మీద పడి చోటు తెలుస్తుంది.
* పైపు విప్పే ముందు బకెట్టు, బూమ్ నేల మీదికి దించాల. గాలిలో ఉండగా విప్పితే అది మనిషి మీద పడుతుంది.
* ఇంజను ఆపి, లివర్లు నాలుగైదు సార్లు అటూ ఇటూ ఆడించి లోపలి పీడనం పోనియ్యాల. తర్వాత కూడా నట్టును మెల్లగా వదులు చేయాల. ముఖం దగ్గర పెట్టరాదు.
* పని చేసి వచ్చిన యంత్రంలో నూనె కాగి ఉంటుంది. చల్లారనియ్యాల.
* చర్మంలోకి నూనె పోయిందని అనుమానం వచ్చినా చాలు, గాయం ఎంత చిన్నదైనా వెంటనే ఆసుపత్రికి పోయి "యంత్రం నూనె పీడనంతో లోపలికి దూరింది" అని డాక్టరు గారికి స్పష్టంగా చెప్పాల. మామూలు గాయం అనుకుంటే కట్టు కట్టి పంపించేస్తారు.

చివరి మాట

పక్క అట్ట మీద అయిదు రకాల మూతుల బొమ్మలు, కొలతల పట్టిక వేసినాను. కావలసిన వాళ్ళు నోటుబుక్కులో ఎక్కించుకోండి. సెలవులకు ఇంటికి పోయేటప్పుడు తీసుకుపోండి. పదో తరగతి తర్వాత ఐటీఐలో ఫిట్టరు, డీజిల్ మెకానిక్ ట్రేడులు ఉన్నాయి. వాటిలో ఆడపిల్లలు కూడా చేరవచ్చు. నేను ఫిట్టరు ట్రేడు చదవాలనుకుంటున్నాను. వార్డెన్ మేడం గారికి నా మనవి ఒకటి ఉంది. శనివారం ఒక గంట ల్యాబులోని వెర్నియర్ కాలిపర్సు ఇప్పిస్తే, మా అన్న తెచ్చిచ్చిన పాత ఫిట్టింగులు నా పెట్టెలో ఆరు ఉన్నాయి, ఆసక్తి ఉన్న వాళ్ళం కొలిచి నేర్చుకుంటాము.

ఇట్లు,
తొమ్మిదవ తరగతి విద్యార్థిని